నాన్నమ్మకి నాన్నమ్మ ఊరు

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన వాళ్ల మనవరాలు. పుట్టింది, పెరిగింది ఆరిజోనాలోనే. నేను ఆవిడ కొడుకుని చేసుకుని ఇరవై ఏళ్లు దాటింది, మాకొక కూతురు. చాండ్లర్‌లో ఆవిడ మాతోనే ఉంటుంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే అయినా నన్ను మాత్రం "అమ్మాయ్" అని పిలుస్తుంది. ఆ మాట మా అమ్మ వచ్చి ఉన్నప్పుడు నేర్చుకుంది.

కిందటి ఏడాది ఆవిడ తమ్ముడు వాళ్ల వంశచరిత్రను పుస్తకంగా అచ్చు వేయించాడు. దళసరి అట్ట, దాని మీద సింహం బొమ్మ, కింద బంగారు అక్షరాల్లో ఇంటిపేరు. ఆ ఇంటిపేరు ఉన్న మగవాళ్లు ఏ కోటలో ఉండేవారో, ఎవరి మీద కత్తి దూశారో పేజీలకు పేజీలు రాశాడు. థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు అందరికీ తలొకటి పంచాడు. అత్తగారు కళ్లద్దాలు పెట్టుకుని అందులో తన నాన్నమ్మ కోసం వెతికింది. ఒక్క లైను కనపడింది. "భార్య ఐర్లండ్ మనిషి. వివరాలు తెలియవు."

ఎనిమిదేళ్లు వచ్చేదాకా అత్తగారిని పెంచింది ఆ నాన్నమ్మే. రాగిగని ఊళ్లో, గని పనివాళ్లు అద్దెకుండే బోర్డింగ్ హౌస్‌లో వాళ్ల బట్టలు ఉతికేదట. తలకి కట్టుకున్న గుడ్డ సబ్బు వాసన వేసేదని అత్తగారు ఇప్పటికీ చెబుతుంది. ఆవిడ పుస్తకం మూసేసి, "నేను పోయేలోగా ఆమె పుట్టిన ఊరు చూస్తాను" అంది.

తమ్ముడు నవ్వాడు. ఐర్లండ్‌లో వెతకాలంటే డబ్బిచ్చి రీసెర్చర్‌ని పెట్టుకోవాలని, గైడ్, కారు, మంచి హోటళ్లు కావాలని, ఆవిడ పెన్షన్‌తో అయ్యే పని కాదని చెప్పుకొచ్చాడు. అయినా బట్టలు ఉతుక్కున్న మనిషి గురించి రికార్డుల్లో ఏముంటుందన్నాడు.

"నేను తీసుకెళ్తాను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "ఇది మా కుటుంబ విషయం. నీకైతే ఆ దేశంలో అడుగు పెట్టడానికే వీసా కావాలి."

నా దగ్గర ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంది, నిజమే. "కావాలి. తీసుకుంటాను" అని నా భోజనం కానిచ్చాను.

ఆదివారం అమ్మకి ఫోన్‌లో చెబితే విసుక్కుంది. "వాళ్ల గొడవ నీకెందుకే? ఆవిడ తోడబుట్టినవాడే వద్దంటుంటే."

"నీ మనవరాలి నాన్నమ్మకి నాన్నమ్మ కదమ్మా ఆవిడ. నాది కాకపోతే ఎవరిది?"

అమ్మ తన అమ్మమ్మ పుట్టింటి పేరు తనకే తెలియదని, అడుగుదామంటే ఇప్పుడు చెప్పేవాళ్లు లేరని అంది. ఆ మాటతో నా పట్టు ఇంకా పెరిగింది.

టికెట్లు కొనడానికి ముందు లైబ్రరీకి వెళ్లాం. అక్కడ రికార్డుల విభాగం చూసే ఆవిడ మా ఉత్సాహం మీద నీళ్లు చల్లింది. అత్తగారికి గుర్తున్న జిల్లా పేరొక్కటి పట్టుకుని ఐర్లండ్ వెళ్తే లాభం లేదని, నాన్నమ్మ పేరుతో ఆ జిల్లాలో వందలమంది ఉంటారని, ఏ చర్చి కింద ఉన్న ఊళ్లో పుట్టిందో తెలిస్తేనే దారి దొరుకుతుందని చెప్పింది. అది తెలుసుకోవడానికి విమానం ఎక్కనక్కర్లేదంది. వలస వచ్చినవాళ్లు ఇక్కడ పెళ్లి చేసుకున్న చర్చిలో అడగమంది.

నాన్నమ్మ పెళ్లి జరిగిన ఆ రాగిగని ఊరి చర్చి మా ఇంటికి రెండు గంటల దూరంలోనే ఉంది. శనివారం పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు డబ్బాల్లో సర్దుకుని బయలుదేరాం. కొండల మధ్య ఊరు. గని ఎప్పుడో మూసేశారు, సగం కొట్లకి తాళాలు వేసి ఉన్నాయి. చర్చి ఆఫీసులో స్వచ్ఛందంగా పనిచేసే ముసలాయన పాత రిజిస్టర్లు జాగ్రత్తగా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పెళ్లి రిజిస్టరులో నాన్నమ్మ దొరికింది. పేరు పక్కన వయసు ఇరవై రెండు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, అక్కడి చర్చి పేరు, అన్నీ ఉన్నాయి. అత్తగారు వేలు ఆ అక్షరాల మీద ఆనించకుండా గాలిలోనే నడిపిస్తూ చదివింది. తర్వాత తన తండ్రి బాప్తిస్మం కూడా చూపించమంది. అది పెళ్లికి మూడేళ్ల ముందు జరిగింది. తల్లి పేరు ఉంది. తండ్రి పేరు రాయాల్సిన చోట ఖాళీ.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆ బిడ్డ పుట్టిన మూడేళ్లకి ఆమెను చేసుకున్న గని కార్మికుడు తన ఇంటిపేరు వాడికి ఇచ్చాడు. అంటే బంగారు అక్షరాల్లో అచ్చేసిన ఆ వంశానికీ, దాన్ని అచ్చు వేయించిన తమ్ముడికీ రక్తసంబంధం లేదు.

ముసలాయన మా మొహాలు చూసి, ఈ పేజీ కాపీ కోసం కొన్నేళ్ల కిందట ఒకాయన వచ్చాడని, తన నాన్నమ్మ అని చెప్పాడని అన్నాడు. ఆయన ఇంటిపేరు ఇప్పటికీ గుర్తుందంటూ చెప్పాడు. అది తమ్ముడి ఇంటిపేరే.

కారులో అత్తగారు గుడ్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. డబ్బా మూత తీసి ఒక గుడ్డు తిని, ఫోన్ తీసి తమ్ముడికి చేసింది. స్పీకర్ పెట్టింది. ఆయన కాదనలేదు. కుటుంబం పరువు కోసమే దాచానన్నాడు.

"పంతొమ్మిదేళ్ల పిల్ల, చుట్టూ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. బిడ్డను ఎవరికీ ఇచ్చెయ్యకుండా బట్టలు ఉతికి పెంచింది" అంది అత్తగారు. "మనకు పరువంటూ ఉంటే అదే. వివరాలు తెలియవని రాశావు. నీకు తెలుసు."

ఆయన ఇంకేదో అంటుండగా ఫోన్ పెట్టేసింది. తర్వాత నాతో, "అమ్మాయ్, కోటలూ అవీ మనకెందుకు, బస్సులో తిరుగుదాం" అంది.

అలాగే చేశాం. టూరిస్టులు రాని ఫిబ్రవరి నెల ఎంచుకున్నాం. నాన్నమ్మ ఊరికి దగ్గర్లో చిన్న ఊళ్లో బేకరీ పైన గది మాట్లాడుకున్నాం. ఊరి పేరు తెలిసింది కాబట్టి అక్కడి చర్చి పాత పుస్తకాలు ఇంట్లో కూర్చునే, పైసా ఖర్చు లేకుండా కంప్యూటర్‌లో చూసేశాం. ఆమె తోబుట్టువుల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకున్నాం. ఇల్లు ఎక్కడుండేదో ఆ ఊరివాళ్లే చెప్పాలి గనక ప్రయాణంలో రోజులన్నీ దానికే ఉంచాం. వీసా కాగితాల్లో ప్రయాణానికి కారణం అడిగితే "మా ముత్తవ్వ ఇల్లు వెతకడం" అని రాశాను. నా భర్త చదివి, అబద్ధం రాశావంటారేమో అన్నాడు. నేను దాన్ని కొట్టేయలేదు. వీసా వచ్చింది.

అక్కడ రెండు రోజులు వాన. మూడో రోజు బస్సు దిగి నడుస్తుంటే గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి, ఎవరి తాలూకు అని అత్తగారిని అడిగాడు. అచ్చం మావైపు వాళ్లు అడిగినట్టే అడిగాడు. ఆవిడ తన పాస్‌పోర్టులో ఉన్న అత్తింటి పేరు చెప్పలేదు, తమ్ముడి పుస్తకంలో ఉన్నదీ చెప్పలేదు. నాన్నమ్మ పుట్టింటి పేరు చెప్పి, "ఆమె మనవరాలిని. మా నాన్న పెళ్లికి ముందే పుట్టాడు" అంది.

ఆ రెండో మాట ఆయన అడగలేదు. ఆయన తల ఊపి, గొర్రెల్ని ఒక పక్కకి తోలి, మమ్మల్ని పొలం గట్టు మీదుగా తీసుకెళ్లాడు. ఆ ఇంటివి మోకాలెత్తు గోడలు రెండు మిగిలాయి, పైకప్పు లేదు. వాటిలో ఒకదాని మీద అత్తగారు కూర్చుంది. సన్నగా జల్లు మొదలైంది. తడుస్తారు, లేవండి అన్నాను. గొడుగు పట్టబోతే చేత్తో పక్కకి నెట్టింది. నేనూ గొడుగు మూసి ఆవిడ పక్కన కూర్చున్నాను.