బక్కోడికి దిష్టి తీసిన రోజు

ఆ రోజుల్లో మాకు ఏ విషయమైనా సరే, రెండు పక్షాలుగా చీలిపోయి వాదించుకోవడమే వినోదం. ఆదివారం వచ్చిందంటే ఊళ్ళో కొట్లన్నీ మూసేసేవారు, పలకరించే మనిషి ఉండడు, వాదనకైతే ఖర్చు లేదు. పైగా ఇరవై మూడేళ్ళ వయసులో మనకు పక్కవాడి జీవితం అద్దంలో కనపడినంత స్పష్టంగా కనపడుతుంది. వాడు ఏ చదువు చదవాలో, ఏ ఊరు వెళ్ళాలో, ఎవర్ని చేసుకోవాలో ఠకీమని చెప్పేస్తాం. నేనూ అలాగే చెప్పేదాన్ని. ఇప్పుడు నా కూతురు సాయంత్రానికి ఏం తింటుందో కూడా నేను ఖాయంగా చెప్పలేను.

అప్పట్లో నేను జర్మనీలో, ఫ్రైబర్గ్‌లో లోహాల చదువు చదువుతూ, శని ఆదివారాలు రైలెక్కి గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరికి పనికి పోయేదాన్ని. ఆ ఊళ్ళో ఐస్ హాకీ ఆడే పెద్ద హాలు ఉంది. దాని లోపల బడ్డీకొట్టులాంటి కియోస్క్‌లో సాసేజీలు కాల్చి అమ్మడం నా ఉద్యోగం. (కరీంనగర్‌లో ఉన్న మా నాన్నమ్మకు మాత్రం "ల్యాబుల వేడి చేసే పని" అని చెప్పాను. పూర్తి అబద్ధం కాదు కదా.) అంతవరకూ నాకు తెలిసిన హాకీ గడ్డి మీద ఆడేది. ఇక్కడ మంచు మీద, కాళ్ళకు కత్తులు కట్టుకుని, నల్లటి బిళ్ళ కోసం ఒకర్నొకరు గోడకేసి గుద్దుకోవడం చూసి మొదటి రోజు నోరెళ్ళబెట్టాను. "అబ్బ, సచ్చేటట్టున్నదిరా ఈ సలికి" అని నాలో నేను గొణుక్కుంటూ ఆవాలు రుబ్బిన పచ్చడి సాసేజీ మీద పిండుతుంటే, వరసలో నిలబడ్డ ఒక ముసలావిడ, మెడకు జట్టు మఫ్లరు, దాని కింద పట్టు శాలువా, నా మొహంలోకి వంగి చూసి "ఎవరమ్మాయివమ్మే నువ్వు?" అంది. చేతిలో సాసేజీ కింద పడింది.

ఆ రోజు నుంచి ఆవిడే మాకు పెద్దమ్మ. నెల్లూరు మనిషి, ఎప్పుడో డెబ్బైల్లో డాక్టరుగా ఈ దేశానికి వచ్చి, వేలమంది పిల్లలకు సూదులు పొడిచి రిటైరయింది. ఈ ఆట పిచ్చి వాళ్ళాయనది. ఆయన పోయాక కూడా ఆయన నిలబడే చోటే నిలబడి, ఆయన అరిచే అరుపులే అరిచేది. ఆవిడ పక్కన నిలబడేవాడు గుంటూరన్న, మా యూనివర్సిటీలోనే ఏళ్ళ తరబడి పీహెచ్‌డీ చేస్తున్న పెద్దమనిషి. వీళ్ళిద్దరూ మధ్యలో విరామం రాగానే కియోస్క్ దగ్గరికి చేరేవాళ్ళు. వీళ్ళకు తోడు ఐస్ తాత. బుర్ర మీసాలు, బక్కెట్ టోపీ. హాల్లో మంచును నున్నగా చేసే బండి నడిపేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా అదే పని. "నా ఐసు" అనేవాడు, మనవాళ్ళు "మా మడి" అన్నంత ధీమాగా. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతుంటే చూసి, తన ఉన్ని చేతితొడుగులు తీసి కౌంటర్ మీద పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు ఒకసారి. మళ్ళీ అడగనూ లేదు.

ఇక బక్కోడు. పద్దెనిమిదేళ్ళవాడు, మా జట్టులో అందరికంటే చిన్నవాడు, సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు. ఆ పేరు పెట్టింది మేమే. దాని అర్థమేమిటని అడిగితే "మెరుపులాంటివాడు" అని చెప్పాను. అప్పట్నుంచి తన స్నేహితుల చేత కూడా బక్కోడా అని పిలిపించుకునేవాడు పాపం. ఆ వేసవిలో అమెరికాలో పెద్ద జట్లన్నీ ఒక చోట కూర్చుని, ప్రపంచంలోని కుర్రాళ్ళ పేర్లు వంతులవారీగా చదివి, "వీడు మావాడు" అని రాసుకునే డ్రాఫ్ట్ జరిగింది. అందులో ఆరో విడతలో బక్కోడి పేరు చదివారు. పేరు చదివినంత మాత్రాన వెళ్ళిపోయినట్టు కాదు. ఆ సీజన్లో వాడి ఆట చూసి, నచ్చితేనే సంతకం. మా ఊరికి ఇంత గొప్ప ఎప్పుడూ జరగలేదు. ఇక వాదనలకు కొదవేముంది!

"ఆరో రౌండంటే ఏందనుకున్నావ్?" అనేవాడు గుంటూరన్న, ఆవాల పచ్చడి మీసానికి అంటించుకుని. "ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆఖరి విడత సీటు లాంటిది. కాలేజీ దొరికిద్ది, కావాల్సిన బ్రాంచి దొరకదు. ఆ బక్కప్రాణిని అమెరికావోళ్ళు గోడకేసి కొడితే పోస్టర్‌లా అతుక్కుపోతాడు."

"పోవాలె అన్నా, పోవాలె," అనేదాన్ని నేను. "ఛాన్స్ మళ్ళ మళ్ళ వస్తదా?"

"ఇంకో ఏడాది ఇక్కడే ఉంటే ఒంటికి కాస్త కండ పడుద్ది," అనేది పెద్దమ్మ, డాక్టరు గొంతుతో. ఐస్ తాత జర్మన్‌లో ఒక్క మాటే అనేవాడు: "వాణ్ణి అడిగారా ఎవరైనా?" ఆ మాట ఎవరికీ పట్టేది కాదు. అడిగితే వాదన ఆగిపోతుంది కదా.

ఫిబ్రవరిలో అమెరికా నుంచి మనిషి వస్తున్నాడని తెలిసింది. ("మనకి వీసా ఆఫీసులో టెర్మిన్ దొరకలేదు గానీ, వీడికి అమెరికావోడి టెర్మిన్ దొరికింది," అని గుంటూరన్న కుళ్ళుకున్నాడు. టెర్మినంటే ఇక్కడి భాషలో అపాయింట్‌మెంటు.) ఆ ఒక్క ఆటలో బక్కోడు బాగా ఆడితే సంతకం, లేకపోతే లేదు. సరిగ్గా అప్పుడే వాడు తడబడడం మొదలుపెట్టాడు. వరసగా మూడు ఆటల్లో బిళ్ళ వాడి కర్ర కిందనుంచి జారిపోయింది. పెద్దమ్మ రోగం కనిపెట్టేసింది. "ఇంతమంది నోళ్ళల్లో నానినోడికి దిష్టి తగలదంటావమ్మే?" అని చేతిరుమాలులో మూటగట్టిన రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు నా చేతిలో పెట్టింది. "నువ్వైతే వాడికి దగ్గరగా పోగలవు. మూడుసార్లు తిప్పి, ఎవరూ తొక్కని చోట నీళ్ళల్లో వెయ్యి." వేలమందికి టీకాలు వేసిన చెయ్యి అది. కాదనడానికి నేనెవర్ని?

ఆట మొదలయ్యే ముందు బక్కోడు ఎప్పటిలాగే టీ కోసం కియోస్క్‌కి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. నేను గుప్పిట బిగించి వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పాను. అది మా దేశపు ఆశీర్వాదం అనుకుని వాడు తల వంచి థాంక్స్ కూడా చెప్పాడు. తర్వాత ఉప్పు నీళ్ళల్లో వెయ్యాలి. చూస్తే కియోస్క్‌లో కుళాయి గడ్డకట్టింది. మరుగుదొడ్ల దగ్గర బారెడు వరస. ఇంకో నిమిషంలో నా కౌంటర్ ముందు యాభై మంది నిలబడతారు. గుప్పిట్లో ఉప్పుతో నడవాలోంచి పరిగెత్తుతుంటే, ఐస్ తాత బండి అప్పుడే మంచు మీదనుంచి షెడ్డులోకి వచ్చింది, దాని వెనక తలుపు తెరిచే ఉంది. ఎదురుగా అద్దంలా మెరిసే మంచు. మంచంటే నీళ్ళే కదా! పైగా ఎవరూ తొక్కని చోటు కావాలంటే ఇంతకంటే మంచిది ఎక్కడుంది, ఇక్కడందరూ జారేవాళ్ళే గానీ తొక్కేవాళ్ళు లేరు. గుప్పెడు ఉప్పూ మూలకు విసిరేసి, మిరపకాయలు జేబులో దోపుకుని, దండం పెట్టుకుని వచ్చేశాను. ఉప్పు పడితే మంచు ఎందుకు కరుగుతుందో గీతలు గీసి వివరిస్తూ ఆ వారమే పరీక్ష రాశాను నేను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

మిరపకాయ పట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకున్నాను. ఆ మంటకు ధారగా నీళ్ళు కారుతుంటేనే, మొదటి భాగం ముగుస్తుందనగా, బక్కోడు ఆ మూలకు బిళ్ళ కోసం దూసుకొచ్చి పడిపోవడం చూశాను. పడి లేవలేదు. మోకాలు పట్టుకుని ఒక పక్కకు తిరిగాడు. నా పక్కనున్న జర్మన్ ఆవిడ నా కన్నీళ్ళు చూసి, "ఎంత ప్రేమ నీకు ఆ అబ్బాయంటే," అని నన్ను దగ్గరికి తీసుకుంది. స్ట్రెచర్ వెళ్ళాక ఐస్ తాత ఆ మూలలో మోకాళ్ళ మీద కూర్చుని, చేతితొడుగుతో మంచును తడుముతున్నాడు. అక్కడ అరచేయంత గుంట. అమెరికా మనిషి నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

"చూశావామ్మే, ఎంత దిష్టో!" అంది పెద్దమ్మ. "ఉప్పు నీళ్ళల్లోనే వేశావా?"

"వేసిన పెద్దమ్మా," అన్నాను.

బక్కోడి మోకాలికి ఆపరేషన్ అయింది. సంతకం రాలేదు, ఇంకో రెండేళ్ళకు అమెరికా వాళ్ళు వాడి పేరు కొట్టేశారు. ఆ వసంతంలో హాలు పెద్దలు సమావేశం పెట్టి, మంచు సరిగ్గా లేదని తేల్చి, బండి తాళాలు వేరేవాడికిచ్చారు. ఇది గుంటూరన్న చెబితే విన్నాను. అప్పటికి నేను ఆ ఉద్యోగం మానేసి థీసిస్ రాస్తున్నాను. "పాపం తాత," అనుకున్నాను, అంతే. నా గుండెలో ముల్లులా గుచ్చుకున్నది బక్కోడి మోకాలు ఒక్కటే. వాడి దగ్గరికి వెళ్ళి చెప్పాలని ఎన్నిసార్లు రైలు టైములు చూసుకున్నానో లెక్కలేదు. ధైర్యం చాలలేదు. ఈలోగా పెద్దమ్మ పోయింది.

ఇప్పుడు నేను బ్రెమెన్‌లో విమానాల లోహానికి తుప్పు పట్టకుండా చూసే ఉద్యోగం చేస్తున్నాను. పోయిన శీతాకాలం ఒక పని మీద అటు వెళ్ళి, ఇక తప్పించుకోలేక ఆ హాలుకు వెళ్ళాను. బక్కోడు అక్కడే చిన్నపిల్లలకు ఆట నేర్పుతున్నాడు. బొజ్జ వచ్చింది, ఆ పేరు ఇక ఏ విధంగానూ నప్పదు. కూర్చోబెట్టి అంతా చెప్పేశాను. దిష్టి అంటే ఏమిటో జర్మన్‌లో చెప్పడానికే పావుగంట పట్టింది. వాడు విని, తల గోక్కుని, మెల్లగా నవ్వాడు.

"ఆ మోకాలు అప్పటికే మూడు వారాలుగా నొప్పి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ అమెరికా మనిషి రాడని భయం. నీ ఉప్పు లేకపోయినా ఆ రోజో, మర్నాడో పడేవాణ్ణే."

పదేళ్ళ బరువు దిగిపోయి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కానీ వాడు నవ్వడం ఆపేశాడు.

"ఈ సంగతి తాతకి చెప్పుండాల్సింది నువ్వు," అన్నాడు. "ఆ గుంట ఎలా పడిందో తెలియక ఆయన బతికున్నన్నాళ్ళూ అందర్నీ అడిగేవాడు. ఆస్పత్రిలో ఆయన్ని చూడ్డానికి వెళ్తే నన్నూ అడిగాడు, నీళ్ళు ఎక్కువ పోశానా, తక్కువ పోశానా అని. పోయి రెండేళ్ళయింది."

ఇన్నేళ్ళూ క్షమాపణ దాచుకున్నది అక్కర్లేని మనిషి కోసం. అది కావలసిన మనిషి ఒక్క రైలు దూరంలోనే కూర్చుని, ఒక్క మాట కోసం చూసి చూసి వెళ్ళిపోయాడు. వస్తూ వస్తూ ఆ మూల దగ్గర కాసేపు నిలబడ్డాను. గుప్పిట్లో ఉప్పుతో, ఒక మనిషిని కాపాడుతున్నానన్న గర్వంతో పరిగెత్తుకొచ్చిన ఆ కరీంనగర్ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాన్ని తిట్టబుద్ధి కాదు. భుజం పట్టుకుని ఆపి, "తాత మోకాళ్ళ మీద కూర్చున్నడు చూడవే, పొయ్యి చెప్పు," అనాలని మాత్రం ఉంటుంది.