వండినోళ్లు లేని భోజనం

క్రూజ్ షిప్పులో తిండి గొప్పగా ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కోరుట్లలో ఆ మాట అనేవాళ్లకు కొదవ లేదు. బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతూ ఫోన్లో వీడియోలు చూస్తారు. పుచ్చకాయలో చెక్కిన హంస కనిపించగానే నోరు తెరుస్తారు. ఆ హంసను ఎవరూ తినరు. మూడు పూటలు అదే హంస బల్ల మీద నిలబడి ఉంటుంది. మెడ వాలిపోతే లోపల పుల్ల గుచ్చి నిలబెడతారు. ఆ పుల్లలు నేనే చాలాసార్లు గుచ్చాను.

తొమ్మిదేళ్లు షిప్పు వంటింట్లో పనిచేశాను. మా దిక్కు మగవాళ్లు దుబాయ్ పోయి తాపీ పట్టుకుంటే, నేను దుబాయ్ పోయి షిప్పెక్కాను. అంత మాత్రానికే ఊళ్లో నాకు ఒక వరుస పైకి కుర్చీ వేశారు. షిప్పుల చెఫ్ అన్నారు. నేను కాదనలేదు. నిజానికి నా పని గుడ్లు కలపడం. గుడ్లంటే కోడి పెట్టినవి అనుకునేరు. డబ్బాల్లో వచ్చే పచ్చటి నీళ్లు. వాటిని పెద్ద పెనం మీద పోసి, గట్టిపడేదాకా గంటలకు గంటలు తిప్పడమే నా చెఫ్ పని. తిప్పి తిప్పి ట్రేలో పోస్తే, పైన కొత్తిమీర చల్లేవాడు వేరే ఉంటాడు. వాడు నాకంటే పెద్ద హోదా.

కూరల సంగతి ఇంకా దరిద్రం. పొద్దున ఒకటే ఎర్ర గ్రేవీ పెద్ద బకెట్లతో వేడెక్కుతుంది. మధ్యాహ్నానికి దాంట్లో పనీరు ముక్కలు వేస్తే ఒక పేరు, కోడి ముక్కలు వేస్తే ఇంకో పేరు, రాజ్మా వేస్తే మూడో పేరు. ముందర మూడు బోర్డులు. జనం మూడూ పెట్టుకుని, మూడూ నాకి చూసి, పనీరుదే బాగుందని ఒకరు, కాదు కోడిదే అని ఒకరు వాదించుకుంటారు. రాత్రి మిగిలిన బ్రెడ్డు తెల్లారి పాలల్లో నాని పుడ్డింగవుతుంది. మిగిలిన అన్నం సోయా నీళ్లు చల్లుకుని చైనాకు పోయి వస్తుంది. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ ట్రేల ముందు చదువుకున్నవాళ్లు, సూటు వేసుకున్నవాళ్లు కొండల్లాగ నింపుకుని, ఫొటో తీసుకుని, సగం తొట్టిలో పారేసి పోయేవాళ్లు. తిండికి విలువ లేని చోట రుచి ఎట్లా ఉంటుంది?

ఇదంతా తెలిసి కూడా ఫోన్లో నా భార్యకు చెప్పింది వేరే. ఆమె పుట్టిల్లు మల్లాపూర్. పెళ్లయిన కాడి నుంచి కోరుట్లలో బీడీలు చేస్తూ బిడ్డను పెంచింది. నేను వారానికోసారి ఫోను చేసి, ఇయ్యాల పన్నెండు తీర్ల స్వీట్లు చేసినమే, సముద్రపు చేప వండినమే అని కోతలు కోసేవాణ్ని. అవతల బీడీలకు దారం చుడుతూ ఆమె ఊఁ కొట్టేది. చివరికి ఒకటే అడిగేది.

"నువ్వు తిన్నవా?"

నేను తినేది కింది అంతస్తులో, పప్పూ అన్నం, నిలబడి. ఆ మాట చెప్పడానికి నామోషీ.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆమె మక్క గట్క చేసింది. మొక్కజొన్న రవ్వను ఉప్పు నీళ్లలో మెల్లగా ఉడికించి, తెడ్డుతో విడవకుండా తిప్పి, మూత పెట్టి మగ్గనిచ్చి, పక్కన పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ముక్కలు పెట్టింది. నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమని తెలిసే చేసింది. ఇంట్లో బావమరిది, ఇద్దరు ముగ్గురు దోస్తులు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందర నా షిప్పు గొప్పతనం చూపించాలి కదా. పళ్లెం ముందుకు తోసేశాను.

"ఏందే ఇది? గిది మా షిప్పుల కుక్కలు సుత ముట్టయి" అన్నాను.

షిప్పులో కుక్కలు లేవు. నోటికొచ్చిన గొప్ప అది. అందరూ నవ్వారు. ఆమె పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత నా ముందు ఎప్పుడూ గట్క పెట్టలేదు. నేను వస్తున్నానని తెలిస్తే కిరాణా నుంచి నూడుల్స్ పొట్లాలు, సోయా సీసా తెప్పించి పెట్టేది. నేను లేనప్పుడు తన మట్టుకు తను గట్క చేసుకు తినేదట. ఆ సంగతి నా బిడ్డ చాలా ఏళ్లకు చెప్పింది.

షిప్పు వదిలేసి ఇంటికొచ్చాక కూడా నా పొగరు తగ్గలేదు. జగిత్యాలలో చుట్టాల పెళ్లి, ఫంక్షన్ హాల్లో దావత్. బగారన్నం, మటన్, పచ్చిపులుసు. నేను పళ్లెం పట్టుకుని, మా షిప్పులైతే ఇట్ల కాదు, అట్ల అని పక్కవాళ్ల చెవులు కొరుకుతూ నిలబడ్డాను. ఆమె మాత్రం తిని, చెయ్యి కడుక్కుని, హాలు వెనక పొయ్యిల కాడికి పోయింది. మా దిక్కు పాత ఆడవాళ్లకు అదొక పద్ధతి. దావత్ తిన్నాక ఇంటివాళ్లకు చెప్పినా చెప్పకపోయినా, వండినోళ్లకు ఒక మాట చెప్పి పోవాలి. పొగలో కళ్లు తుడుచుకుంటున్న వంటాయన దగ్గర నిలబడి "మంచిగైందన్నా, పులుసు మస్తుగుంది" అని చెప్పి వచ్చింది. చెప్పకుండా పోతే తిన్నది ఒంటబట్టదని ఆమె నమ్మకం. నాకది పల్లెటూరి చాదస్తంలాగ కనిపించింది.

బిడ్డను సిరిసిల్లలో ఇచ్చాం. అల్లుడికి చీరల దుకాణం. మంచివాడు, కానీ నా షిప్పు కథలన్నీ నమ్మినవాడు. పోయిన చలికాలం ఒకరోజు పిలిచి ఫోన్ చూపించాడు.

"మామా, ముంబై నుంచి గోవా దాకా షిప్పు బుక్ చేసిన. మీ ఇద్దరికి. అత్తమ్మను ఒక్కసారి తీస్కపోండ్రి. మీరు తిన్న తిండి అత్తమ్మ సుత తినాలె."

మోకాళ్ల నొప్పులన్నాను, సముద్రం పడదన్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "నేను పోత. ఆ తిండి ఎట్లుంటదో ఒక్కసారి తిని సూస్త" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఏదైనా కోరడం అదే మొదలు. తలూపాను.

ముంబై బస్సు ఎక్కిన కాడి నుంచి నాకు ఒకటే భయం. నేను చెఫ్ కాదని తెలుస్తుందేమోనని. గట్క సంగతి నాకు గుర్తు కూడా లేదు.

షిప్పు అద్దాల కాడ, దీపాల కాడ ఆమె ఆగలేదు. సిరిసిల్ల చీర కొంగు నడుముకు దోపుకుని నేరుగా భోజనాల హాలుకు నడిచింది. అన్నం, పప్పు, పనీరు, రెండు రకాల కూరలు కొంచెం కొంచెం పెట్టుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. నేను చూపు తిప్పుకున్నాను. పప్పుకు పోపు వాసన లేదు. పనీరు పళ్ల కింద రబ్బరులాగ సాగుతోంది. కూరలన్నీ ఒకే తల్లి పిల్లలు. అయినా ఆమె పళ్లెంలో ఒక్క మెతుకు వదల్లేదు. పెట్టుకున్నది పారేయడం ఆమెకు రాదు. పక్క బల్ల మీద ఒక కుటుంబం నాలుగు పళ్లేలు నిండుగా వదిలేసి లేచిపోతే, ఆ పళ్లేలను తొట్టిలో దులిపేదాకా కళ్లార్పకుండా చూసింది.

అన్ని పూటలూ అంతే. అన్నీ తింటుంది. ఆఖరి రోజు మధ్యాహ్నం చెయ్యి కడుక్కుని వచ్చి నిలబడింది.

"వండినోళ్లకు ఒక మాట చెప్పి పోదాం పా."

"ఇక్కడ గట్ల చెప్పరే."

"తిని చెప్పకుండ ఎట్ల పోతం?"

నేను వద్దనేలోపలే బల్లలు తుడిచే కుర్రాణ్ని ఆపి, తనకొచ్చిన కోరుట్ల ఉర్దూలో, వండినవాళ్లను పిలువు బాబూ అంది. వాడి ముఖం పాలిపోయింది. షిప్పులో వంటవాణ్ని పిలిపించారంటే ఫిర్యాదే. ఇంకో కారణానికి ఎవరూ పిలవరు. కోటు వేసుకున్న మేనేజరు ఉరికొచ్చి చేతులు కట్టుకున్నాడు. ఏం లోపమైంది మేడమ్, వెంట్రుక వచ్చిందా, కేకు పంపించమంటారా అని మొదలుపెట్టాడు. లోపమేం లేదు, పప్పు ఎవరు వండారో వాళ్లతో మాట్లాడాలని ఆమె. మా టీమ్ వండింది మేడమ్ అని అతను. టీమ్‌లో పోపు వేసింది ఎవరని ఆమె. అతనికి అర్థం కాలేదు. చివరికి ఈ గొడవ వదిలించుకోవడానికి లోపల్నుంచి ఒకాయనను పిలిపించాడు.

ఆయన బయటికొచ్చి ఆమె వైపు చూడనే లేదు. నన్ను చూసి చేతులు చాపాడు.

"అరే, అండేవాలే భాయ్!"

గుడ్లాయన అని షిప్పులో నా పేరు. పిలిచినవాడు పాత షిప్పులో ఆరేళ్లు నా పక్కన నిలబడి పనిచేసినవాడు. ఎక్కడో సముద్రంలో వదిలేసిన మనిషి ముంబై షిప్పులో తేలాడు. నన్ను గట్టిగా పట్టుకుని, నా భార్యతో సంబరంగా హిందీలో చెప్పేశాడు. బాభీ, మేమిద్దరం పక్కపక్కనే, ఈయన గుడ్ల నీళ్లు తిప్పేవాడు, నేను సంచులు కత్తిరించేవాణ్ని, ఆరేళ్లలో మా ఇద్దరినీ అసలు పొయ్యి దగ్గరికి ఒక్కసారి రానిచ్చారా అని నవ్వాడు. ఉర్దూ వచ్చిన ఆమెకు ఆ హిందీ బాగానే అర్థమైంది. ఒక్క ముక్క కూడా ఆమెకు తప్పిపోలేదు.

పప్పు ఎవరు వండారని మళ్లీ అడిగింది.

"ఎవరూ వండలేదు బాభీ. సంచిలో వస్తుంది. నేను కత్తిరించి వేడి చేస్తాను."

ఆమె మెల్లగా, నువ్వు తిన్నావా అని అడిగింది. అతని నవ్వు ఆగిపోయింది. డ్యూటీ అయ్యాక కింద తింటానన్నాడు. పోయి తిను అని అతని భుజం తట్టి పంపించింది.

పైకి వచ్చి రెయిలింగు పట్టుకుని నిలబడ్డాం. చెఫ్ అని ఎందుకు అబద్ధమాడావని అడుగుతుందనుకుని, చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆమె నీళ్ల వైపే చూస్తూ అడిగింది.

"గీ తిండి తిని అచ్చి, నా గట్కకు పేర్లు వెట్టినవా?"

నేను కూడబలుక్కున్న మాటలన్నీ చెఫ్ సంగతి గురించే. పన్నెండు తీర్ల స్వీట్ల మొహం మీద ఉమ్మేయాలనిపించింది. షిప్పు మీద నాకున్న రోత అంతా తిరిగి వచ్చి నా మీదే పడింది. గుడ్ల నీళ్లు తిప్పే చేత్తో ఆమె పళ్లెం తోసేశాను. షిప్పు తిండి చెత్త అని ఆ రోజు తెలియక కాదు, తెలిసే తోశాను.

తిరుగు దారిలో సిరిసిల్లలో దిగాం. బిడ్డ ఎదురొచ్చి, "తిండి ఎట్లుండె అవ్వా?" అని అడిగింది. అల్లుడు వెనకే నిలబడి ఉన్నాడు. నేను తల వంచుకున్నాను.

"మంచిగుండె బిడ్డా. మీ బాపు చెప్పినట్టే ఉండె" అంది ఆమె.

అల్లుడు మురిసిపోయాడు.

కోరుట్ల వచ్చాక వారం రోజులు ఆగి, గట్క చేయమని అడిగాను. ఆమె బీడీల చాట మీది నుంచి తల ఎత్తలేదు.

"నాకు చేసుడు రాదు. కుక్కలు సుత ముట్టయంటివి."

ఎన్నేళ్లయినా ఒక్క అక్షరం మర్చిపోలేదు. నేనే లేచి పొయ్యి ముట్టించాను. తొమ్మిదేళ్లు వంటింట్లో ఉన్న మనిషికి మక్క రవ్వ ఎన్ని నీళ్లల్లో పోయాలో తెలియదు. ఆమెను అడగడానికి ముఖం చెల్లలేదు. రవ్వ ఉండలు కట్టింది. ఉండలు చిదుపుతుంటే అడుగు మాడింది. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైంది. నా షిప్పులో కూడా ఇంత అధ్వానం చూడలేదు. అట్లాగే పళ్లెంలో పెట్టి ఆమె ముందు ఉంచి, ఏమంటుందో వినలేక వంటింట్లోకి పోయి మాడిన గిన్నె తోముతూ కూర్చున్నాను.

చాలాసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది. ఆమె చెయ్యి కడుక్కుని, పళ్లెం పట్టుకుని పొయ్యి కాడికి వచ్చింది. పళ్లెంలో ఒక్క మెతుకు లేదు. ఉండలు కూడా తినేసింది.

"మంచిగైంది" అంది. "నువ్వు తిన్నవా?"

పళ్లెం నా పక్కన పెట్టి పోయి మళ్లీ చాట ముందు కూర్చుంది. ఇన్నేళ్లు ఆమె వండిన పొయ్యి కాడికి పోయి, మంచిగైంది అన్న ఆ ఒక్క మాట నేను ఏనాడూ చెప్పలేదు.