రంపం మిషన్ జీవిత చరిత్ర

వీరాస్వామికి ఏ మిషన్ బాగుచేయమని ఇచ్చినా, ముందు దాని జీవిత చరిత్ర చెప్పాలి. చెప్పకపోతే స్క్రూడ్రైవర్ ముట్టుకోడు.

మిక్సీ తెస్తే, "ఇందులో మొదట ఏ పచ్చడి రుబ్బారండి?" అంటాడు. ఫ్యాను తెస్తే దాని కింద ఎవరు అలిగి పడుకున్నారో కావాలి. కడియం నర్సరీల్లో పనిచేసే విజయ్ పాల్ ఓసారి నీళ్ల మోటారు మోసుకొచ్చి, "మొక్కలు ఎండిపోతున్నాయి, చరిత్ర రేపు చెప్తాను బాబూ" అన్నాడు.

"అయితే మోటారు కూడా రేపే తిరుగుద్దండి."

విజయ్ పాల్ అక్కడే కూలబడి, మోటారు కొన్న నాటి నుంచి మొదలుపెట్టాడు. మధ్యలో ఆయన పెళ్లి కూడా వచ్చింది.

అలాంటి మనిషి చేతిలో పడింది చిట్టెమ్మ ఇంట్లోని చెట్లు కోసే రంపం మిషన్.

అది ఆమె భర్త గంగయ్యది. గాలివాన వెలిసిందంటే చాలు, దాన్ని భుజాన వేసుకుని రోడ్డుకడ్డంగా పడ్డ చెట్లు కోయడానికి పరిగెత్తేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి చిట్టెమ్మ "ఊఁ", "లేదు", "తిన్నాను" అనే మాటలతోనే ఇల్లు నెట్టుకొస్తోంది. మొన్నటి గాలికి దొడ్లో పనసచెట్టు పడింది. మరిది లోకనాథ్ మిషన్‌ను స్టార్టు చేసే తాడు లాగి లాగి, భుజం పట్టేసి కూర్చున్నాడు.

"ఇది పోయింది వదినా. పాత ఇనుముకి వేసేద్దాం."

ఆ మిషన్ చప్పుడు ఇంకొక్కసారి వినాలని తనకెంత ఉందో చిట్టెమ్మ ఎవరికి చెబుతుంది? "ఆదివారం దాకా ఆగు. వీరాస్వామి చూస్తాడు," అంది. ఆ నెలలో ఆమె మాట్లాడిన పెద్ద మాట అదే.

వీరాస్వామి వచ్చి, చిట్టెమ్మ ఇంటి అరుగు మీద గోనెపట్టా పరిచి, మిషన్‌ను పసిబిడ్డలా పడుకోబెట్టాడు. మూత విప్పి లోపల వేలు పెట్టాడు. మొహం వెలిగింది. గబుక్కున మూత పెట్టేసి, వేలు లుంగీకి తుడుచుకున్నాడు.

"జబ్బు ముదిరిందక్కగారూ. చరిత్ర కావాలి."

"రంపానికి చరిత్రేంటి తమ్ముడూ?"

"బావగారు దీన్ని తెచ్చిన రోజు ఏం కూర వండారండి?"

"వండలేదు. చెప్పకుండా కొన్నాడని కోపమొచ్చి పొయ్యే వెలిగించలేదు."

"అదీ సంగతి. తాడు అందుకే బిగుసుకుంది. తర్వాతండి?"

ఇక రోజూ మధ్యాహ్నం అదే పని. అతను గొలుసు పళ్లకు ఆకురాయి పెడుతుంటే ఆమె చెబుతూ ఉండేది. గంగయ్య మొదటిరోజు హుషారులో, పడ్డ చెట్టు వదిలేసి పక్కింటి రత్తమ్మ దొడ్లో నిక్షేపంగా నిలబడ్డ మునగచెట్టు కోసేసిన సంగతి దగ్గర చిట్టెమ్మకు నవ్వొచ్చింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి కొంగు అడ్డం పెట్టుకుంది.

శనివారం వీరాస్వామి భార్య నాగదుర్గ వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "ఇంకా అవలేదా వదినా? గాలి ఫిల్టరు నిండా పసుపు, కుంకుమ ఉంది, దులిపితే చాలని మొదటిరోజే చెప్పారే మా ఆయన."

చిట్టెమ్మ నాలుక కరుచుకుంది. గంగయ్య పోయిన ఏటిమైల వల్ల ఒక దసరాకి ఆయుధపూజ తప్పింది. ఆ లోటు కూడా తీరాలని, ఈ దసరాకి రెండేళ్ల పసుపూ ఒకేసారి మెత్తింది తనే. అయితే ఇన్నాళ్లూ వీరాస్వామి బాగుచేస్తున్నది రంపాన్ని కాదన్నమాట. ఆ మాట అతనితో అనలేదు. మిగిలిన చరిత్ర ఆ మధ్యాహ్నం ఇంకాస్త వివరంగా చెప్పింది.

ఆదివారం వీరాస్వామి తాడు లాగాడు. మిషన్ దగ్గింది. మళ్లీ లాగాడు. పసుపు రంగు పొగ ఒక్కసారి వదిలి, వీధి అదిరేలా అందుకుంది. కాకులు లేచాయి. లోకనాథ్ భుజం నొప్పి మరిచి గెంతాడు. రత్తమ్మ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, మళ్లీ చిగిర్చిన తన మునగచెట్టుకు అడ్డంగా నిలబడింది. చిట్టెమ్మ కళ్లు మూసుకుని ఆ చప్పుడంతా తనివితీరా విన్నది.

చెట్టు కోత అయ్యాక వీరాస్వామి గోనెపట్టా చుట్టుకుంటుంటే, ఆమె లోపల్నుంచి మిక్సీ తెచ్చి ముందు పెట్టింది.

"దీనికేమైందండి?"

"ఏమీ కాలేదు. కానీ చరిత్ర చాలా ఉంది తమ్ముడూ."

వీరాస్వామి గోనెపట్టా మళ్లీ పరిచాడు. "మొదట ఏ పచ్చడండి?"