ప్లగ్గు పీకిన తర్వాత

నాకు షాకు కొట్టినప్పుడు ప్లగ్గు గోడకు లేదు. నేనే పీకి, కంటికి కనబడేలా బల్ల మీద పెట్టుకున్నాను. అందుకే ఏం జరిగిందో చాలాసేపు అర్థం కాలేదు.

అప్పటికి ఆరేళ్ళుగా హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతున్నాను. పెనుకొండలో అమ్మానాయనల దగ్గర ఉంటూ రోజూ రైల్లో పోయివచ్చేదాన్ని. పాఠ్యపుస్తకంలో లేజరు గురించి ఉన్నది ఒక్క పేజీ. ఆ పేజీ చెప్పిన ప్రతిసారీ, నేను ఎన్నడూ చూడనిదాన్ని చూసినట్టు చెబుతున్నానని సిగ్గనిపించేది. ఒకసారి ల్యాబు సామాన్లకని బెంగళూరుకు పంపితే, పాత సామాన్ల కొట్టులో మోచెయ్యంత గాజు గొట్టం, దానికి కరెంటు ఇచ్చే ఇనుప డబ్బా కనబడ్డాయి. హీలియం, నియాన్ నింపిన లేజరు గొట్టమది. నా సొంతానికి కొనుక్కున్నాను.

హిందూపురం బస్టాండు దగ్గర అప్పుడే ఇంటర్నెట్ సెంటరు పెట్టారు. కాలేజీ అయిపోయాక అక్కడ కూర్చుని, సరదాకు లేజర్లు చేసుకునేవాళ్ళు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలు చదివేదాన్ని. యాడాడి దేశాలవాళ్ళో. కొత్తవాళ్ళకని ఒకాయన జాగ్రత్తలు రాసిపెట్టాడు. వాటిని ప్రింటు తీయించుకున్నాను. మొదటి జాగ్రత్త, ఒక చెయ్యి జేబులో పెట్టుకోమని. చీర కట్టుకునేదాన్ని, నాకు జేబెక్కడిది? వాళ్ళ దేశంలో అదొక తమాషా మాట కాబోలనుకుని పేజీ తిప్పేశాను.

ఇంట్లో అమ్మకు భయం. ఆ భయమంతా వెలుగు మీదే.

"కండ్లు పోతాయంట గదే. పక్కింటోళ్ళు చెప్తాండారు."

"నేరుగా చూడను లేమ్మా," అన్నాను. నాకూ ఆ ఎర్రని వెలుగంటేనే జాగ్రత్త. డబ్బాను ఎవరూ పట్టించుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున స్విచ్చి వేశాను. గొట్టం ఒకసారి ఎర్రగా మెరిసి ఆరిపోయింది. మళ్ళీ మెరిసింది, మళ్ళీ ఆరింది. గొట్టం చివర తీగె వదులైందేమోనని స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, ఎడమచేత్తో డబ్బాను కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో ఆ తీగెను లోపలికి నెట్టాను.

తర్వాత నేను బీరువాకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాను. ఎలా వచ్చానో తెలియదు. రెండు చేతులూ నావి కానట్టున్నాయి. ఛాతీలో ఎవరో గుద్దినట్టుంది. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చి నా ముఖం పట్టుకుంది.

"కండ్లు కనబడతాండాయా?"

"కనబడతాండాయి మా. కండ్లకేం కాలేదు."

"మరి యాడ తగిలింది?"

తల తిప్పి చూశాను. ప్లగ్గు బల్ల మీదే ఉంది. అరగంట తర్వాత, డబ్బాలో ఉన్నదంతా నా గుండానే పోయుంటుందని ధైర్యం తెచ్చుకుని ఒక్క వేలితో తీగెను ముట్టుకున్నాను. మళ్ళీ చురుక్కుమని కరిచింది. ఈసారి నిజంగా భయమేసింది. ఆ గది తలుపు మూసి గొళ్ళెం పెట్టాను.

సోమవారం క్లాసులో కెపాసిటరు పాఠం. కరెంటు తీసేసినా కెపాసిటరులో విద్యుత్తు నిలవ ఉంటుందని బోర్డు మీద రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఈ వాక్యం ఆరేళ్ళుగా రాస్తున్నాను. డబ్బాలో ఉన్నది అదే. నా నోటికి తెలిసిన సంగతి నా చేతికి ఎందుకు తెలియలేదు?

మా అక్కను ధర్మవరంలో ఇచ్చాము. బావ అక్కడ టీవీలు బాగుచేస్తాడు. తర్వాతి ఆదివారం డబ్బాను, గొట్టాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ప్యాసింజరు బండెక్కాను. జరిగింది చెబుతూ అంగట్లోకి పోతే, ఆయన వినడం ఆపి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు ఆ సంచి కింద పెట్టు. మెల్లగా."

పెట్టాను.

"కొట్టినప్పుడు ఇంకో చెయ్యి యాడ పెట్టినావు?"

"డబ్బా మీద."

ఆయన నా రెండు చేతులూ తిప్పి చూశాడు. "రెండు చేతులూ పెడితే అది గుండె మీదుగా పోతాది మా. దేవుడు ఉండాడు నీకు."

అప్పుడు ప్రింటు కాగితంలోని జేబు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "తమాషా కాదది. నాకు పని నేర్పినాయన ఆ చేతిని వీపు వెనక పెట్టుకోమని కొట్టినంత పని చేసేటోడు. నువ్వు ఆ చేత్తో కొంగు పట్టుకుని నడుం దగ్గర పెట్టుకో."

డబ్బా మూత విప్పి, ప్లాస్టిక్ కడ్డీ చివర, కరెంటును మెల్లగా పోనిచ్చే లావుపాటి రెసిస్టరు ఒకటి కట్టాడు. దాని రెండో కొసకు తీగె వేసి డబ్బాకు బిగించాడు. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని, కడ్డీని ఒక్కో కెపాసిటరు కొసకూ ఆనించి, నిలవున్నది దిగిపోయేలా లెక్కపెట్టినట్టు కాసేపు ఉంచాడు. మీటరు పెట్టి చూశాడు, సున్నా. అయిపోయిందనుకున్నాను. ఆయన బీడీ వెలిగించుకుని, అది అయ్యాక మళ్ళీ మీటరు పెట్టాడు. ముల్లు కదిలింది.

"చూసినావా? ఒకసారి దించితే సాలదు. మళ్ళీ పుడతాది."

"యాడ నుంచి పుడతాది బావా? కరెంటు లేదు గదా."

"నాకేం తెలుసు? సదువుకున్నది నువ్వు."

ఆయన చూపుల్లో వేళాకోళం లేదు. నిజంగానే నేను చెబుతానని ఎదురుచూశాడు. నాకూ తెలియదని ఒప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం డబ్బాలో మాడిపోయిన ఒక రెసిస్టరును కనిపెట్టాడు. ప్లగ్గు పీకాక కెపాసిటర్లను తనంతట తాను ఖాళీ చెయ్యాల్సింది అదే. దాన్ని మార్చి, వదులైన తీగెను బిగించి, చెయ్యి తగలకుండా అన్నిటికీ మూతలు వేశాక స్విచ్చి నన్నే వెయ్యమన్నాడు. ఎదురుగోడ మీద ఎర్రని చుక్క కదలకుండా నిలిచింది. ఏళ్ళుగా చూడాలనుకున్నది అదే. తీరా చూస్తే సంతోషం రాలేదు. కొంగు పట్టుకున్న చేతిని నడుం దగ్గర్నుంచి తియ్యలేదు. అన్నం తెచ్చిన అక్క మాత్రం, "ఎంత బాగుండాదే!" అంది.

ఖాళీ చేసిన కెపాసిటరు మళ్ళీ ఎలా నిండుతుందని కాలేజీలో సీనియరు లెక్చరరును అడిగాను. "సిలబస్‌లో లేదమ్మా, వదిలెయ్," అన్నారు. వదల్లేకపోయాను. చాలా నెలలకు అనంతపురంలో ఒక లైబ్రరీ పుస్తకంలో రెండు వాక్యాలు దొరికాయి. కెపాసిటరు లోపలి రేకుల మధ్య ఉండే పదార్థం కొంత విద్యుత్తును నెమ్మదిగా పీల్చుకుని, అంతే నెమ్మదిగా వదులుతుందట. సాయంత్రం టెలిఫోన్ బూత్ నుంచి బావకు ఫోను చేసి గబగబా చెప్పాను.

"అట్లనా," అన్నాడాయన. "అయితే రెండుసార్లు దించేది సరైనదే."

"సరైనదే బావా."

"నీకు అర్థమయిందా?"

అయిందన్నాను. ఫోను పెట్టేసి స్టేషనుకు నడుస్తుంటే, అదే ప్రశ్న ఒక పిల్లవాడు క్లాసులో అడిగితే ఎలా చెప్పాలో తెలియలేదు. తడిగుడ్డను పిండి పెట్టినా కాసేపటికి మళ్ళీ చెమ్మ దిగుతుంది కదా, అలాగని చెప్పొచ్చేమో అనుకున్నాను. అది సరైన పోలికో కాదో ఇప్పటికీ నాకు అనుమానమే.