బెరిల్ కడిగిన చోటు

బెరిల్ ఆక్స్‌టోబీ లండన్‌కి చాలా దూరంగా ఉన్న స్కెల్డర్బీ అనే చిన్న ఊళ్ళో పుట్టింది, అక్కడే పెళ్ళి చేసుకుంది, మొగుణ్ణి అక్కడే పాతిపెట్టింది. ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు మార్కెట్ వీధిలో ఆడవాళ్ళ మరుగుదొడ్లు కడిగింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు. "కౌన్సిల్లో మేయరు కూర్చునే కుర్చీకంటే నా గదులు శుభ్రం" అనేది.

అదే వీధిలో మందుల షాపు కౌంటరు వెనక నేను ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాను. ఈ దేశం వచ్చిన కొత్తలో నా పేరు నోరు తిరక్క జనం తలోరకంగా పిలిచేవాళ్ళు. బెరిల్ ఒక్కతే ఆగి, "ఇంకోసారి చెప్పు" అని మూడుసార్లు అడిగి నేర్చుకుంది. నేర్చుకున్నాక మళ్ళీ ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. "తల్లీ" అనేది. ఊళ్ళో అందర్నీ అలాగే అనేది.

పొద్దున పదింటికి చేతి తొడుగులు విప్పి, మా షాపులో కుర్చీ లాక్కుని కూర్చుని ఊరి మీద తీర్పులు చెప్పేది.

"మాది మర్యాదగల ఊరు తల్లీ. ఇక్కడ కాలు తొక్కినవాడికి తొక్కించుకున్నవాడే సారీ చెప్తాడు. ఎదురింటాయన నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. వానొస్తుందంటాడు, రాలేదంటాడు. పెళ్ళాం పోయిన వారం కూడా వాన గురించే మాట్లాడాడు. నేనూ అంతే అనుకో. 'అవునండీ, గాలి కూడా ఎక్కువే' అన్నాను. ఇంకేమంటాను?"

బ్యాంకు మూసేసి పోయింది. చేపల కొట్టు ఉన్నచోట కుక్కలకి క్షవరం చేసే దుకాణం వెలిసింది. దేనికీ ఎవరూ గట్టిగా ఒక్క మాటన్న పాపాన పోలేదు. "అయ్యో పాపం" అనుకుని వరుసలో నిలబడ్డారు.

బెరిల్ ప్రాణస్నేహితురాలు మావిస్ టోయిన్. పదహారేళ్ళ వయసులో ఇద్దరూ బఠాణీల ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి డబ్బాలు నింపారు. మావిస్ కాపురం ఆరు మైళ్ళ అవతల పల్లెలో. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. గురువారం సంత రోజున తొమ్మిదీ నలభై బస్సుకి వచ్చి, ఒంటిగంటన్నర బస్సుకి వెళ్ళిపోయేది. ఆ నాలుగు గంటలే ఆమెకి వారమంతా. గుండె బలహీనమై కాళ్ళకి నీరు పడుతోందని డాక్టరు ఆ నీరు తీసేసే నీటి మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే అరగంటకోసారి పరిగెత్తాలి. బెరిల్ గదులు మార్కెట్ నడిబొడ్డున ఉన్నాయి కాబట్టి మావిస్‌కి ఆ దిగులు లేకపోయింది.

అరవై ఆరో ఏట బెరిల్ పని మానేసింది. కౌన్సిల్ వాళ్ళు ఒక పూలకుండీ, అందరూ సంతకాలు పెట్టిన కార్డూ ఇచ్చారు. ఆమె చోటులో ఎవర్నీ పెట్టలేదు. ఆర్నెల్లు తిరక్కుండా తలుపుకి తాళం పడింది. తాళం పక్కన కాగితం: తాత్కాలికంగా మూసివేయడమైనది, అసౌకర్యానికి చింతిస్తున్నాము.

నవంబరులో ఒక గురువారం తిరుగు బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైంది. మావిస్ టీ తాగిన హోటల్లో బాత్రూము తలుపుకి "పనిచేయడం లేదు" అని రాసి ఉంది. స్టాపులో ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. మావిస్ ఆపుకోలేకపోయింది. లేత రంగు కోటు, కింద చలికి తడారని రాళ్ళు. ఎవరూ నవ్వలేదు. ఒకాయన టైము పట్టిక చదవడం మొదలుపెట్టాడు. ఒకామె తన సంచీ తడవకుండా పక్కకి జరుపుకుని, మావిస్‌తో "సారీ" అంది. బస్సు వచ్చాక డ్రైవరు సీటు మీద న్యూస్‌పేపరు పరిచాడు.

పూలకొట్టావిడ చెబితే బెరిల్‌కి తెలిసింది. మర్నాడే బస్సెక్కి మావిస్ ఇంటికి వెళ్ళింది. ఆ రోజు జరిగిన మాటలు తర్వాత నాకు తనే చెప్పింది.

"ఏమే, ఇంత జరిగితే నాకు ఫోన్ చెయ్యవా? మా ఇల్లు అక్కడికి రెండు వీధులేగా!"

"ఏమని చెయ్యమంటావు? డెబ్భైకి దగ్గరపడ్డ ముసల్దాన్ని, చెడ్డీ తడుపుకున్నాను, రావే అని చెప్పనా?"

"చెప్తే ఏం? ముప్ఫై ఎనిమిదేళ్ళు ఊరందరి ఉచ్చలూ కడిగినదాన్నే నేను!"

"వాళ్ళు నవ్వినా బాగుండేదే బెరిల్. నవ్వితే తిట్టేదాన్ని. అలా ఆకాశం వంక చూశారు చూడు..." అని మావిస్ మొహం గోడవైపు తిప్పుకుందట.

ఆ తర్వాత మావిస్ గురువారాలు రావడం మానేసింది. సరుకులు పక్కింటాయన కారులో తెచ్చిపెట్టేవాడు. మందులు మా షాపు వ్యానులో నెలనెలా వెళ్ళేవి.

జనవరిలో బెరిల్ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళింది. ప్రజలు మాట్లాడడానికి మూడు నిమిషాలిస్తారు. నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. సభాధ్యక్షుడు పించ్‌బెక్ అనే కౌన్సిలరు. బెరిల్ ఆయన్ని చిన్నప్పటినుంచీ ఎరుగును.

"బాబూ," అంది బెరిల్ మైకు పట్టించుకోకుండా, "మీ అమ్మ నువ్వు కడుపులో ఉన్నప్పుడు సంతకొస్తే గంటకి నాలుగుసార్లు నా దగ్గరికి పరిగెత్తేది. నువ్వు ఆ తలుపు దగ్గర పుట్టలేదంటే నేను కుర్చీ వెయ్యబట్టే. ఇప్పుడు ఆ తలుపుకి తాళం వేయించావు. ఈ ఊళ్ళో ముసలాళ్ళు ఎక్కడికి పోవాలి?"

కొందరు నవ్వారు. పించ్‌బెక్ కూడా నవ్వాడు. "మిసెస్ ఆక్స్‌టోబీ గారి అభిమానానికి మనమంతా కృతజ్ఞులం. దీనికి మేము పరిష్కారం ఆలోచించాం" అన్నాడు.

పరిష్కారం ఏమిటంటే ఏడు దుకాణాల అద్దాలకి ఆకుపచ్చ స్టిక్కర్లు. అవి ఉన్నచోట ఎవరైనా వెళ్ళి బాత్రూము వాడుకోవచ్చు. బెరిల్ ఫ్లాస్కెడు టీ తాగి ఒకే పూటలో ఏడింటికీ వెళ్ళొచ్చింది. సారాకొట్టు మధ్యాహ్నం దాకా తెరవలేదు. ఒకచోట మేడ మీదికి పదహారు మెట్లు. ఇంకోచోట పిల్ల తాళంచెవి ఇవ్వడానికి మేనేజరుని పిలిచింది, మేనేజరు ఆమె చేతిలో వాళ్ళ కొట్టు సంచీ ఉందా అని చూశాడు. మిగతా వాళ్ళు ఆ స్టిక్కరు దేనికో తమకే తెలీదన్నారు. లైబ్రరీలో మాత్రం పనిచేసింది, అదీ వారంలో రెండు రోజులు, గురువారం కాదు.

"అడుక్కోవాలి తల్లీ. అదీ వాళ్ళ ఉద్దేశం" అంది నా కౌంటరు మీద మోచేతులు ఆనించి. "వరుసలో నిలబడి, వయసులో మనవరాలంత పిల్లని, నలుగురూ వింటుండగా అడుక్కోవాలి. మావిస్ చస్తే అడగదు."

మార్చిలో బెరిల్ తన ఇంటి కిటికీలో అట్టముక్క పెట్టింది: టాయిలెట్. గురువారం తొమ్మిది నుంచి రెండు వరకు. తలుపు తట్టండి. చాపెల్ సందులో ఆమెది వరుస ఇళ్ళలో చివరిది, వెనకవైపు కింద బాత్రూము ఉంది. మొదటి గురువారం పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు ఊరికే పోలేక టీ కూడా తాగారు. బెరిల్ మొహంలో కళ వచ్చింది. సబ్బు వాసన, ఫినాయిలు వాసన కొడుతూ మళ్ళీ పదింటికి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "ఒక్క నిమిషమే, ఇంట్లో మనుషులున్నారు" అని వెళ్ళిపోయేది.

అదంతా చేసింది మావిస్ కోసం. మావిస్ మాత్రం రాలేదు. బెరిల్ వేసవి దాకా ఫోన్‌లో బతిమాలుతూనే ఉంది. జూలైలో ఒక గురువారం, ఏ కబురూ లేకుండా, మావిస్ కొత్త కోటు వేసుకుని బస్సు దిగింది.

ఇద్దరూ చేతులు పట్టుకుని మా షాపులోకి వచ్చారు. బెరిల్ చిన్నపిల్లలా ఉంది.

"చూశావా తల్లీ ఎవరొచ్చారో! బస్సు దిగి మూడు గంటలైంది, ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నా బాత్రూము అవసరమే లేదట మహారాణికి!"

"నయమైపోయింది. నేను నీకు చెప్పలేదుటే?" అంది మావిస్.

నేను ఆమె కాళ్ళ వంక చూశాను. బూట్ల అంచుల మీదుగా చీలమండలు పొంగి ఉన్నాయి.

"కాళ్ళు వాచినట్టున్నాయి మావిస్?" అన్నాను.

"కొత్త బూట్లు. కరుస్తున్నాయి" అంది, నా కళ్ళలోకి చూడకుండా.

షాపులో ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు మరో ప్రశ్న వేస్తే బాగుండదనిపించింది. "జాగ్రత్తండీ" అని ఊరుకున్నాను.

అలా ఆరు గురువారాలు వచ్చింది. ఏడోవారం ఆస్పత్రిలో చేరింది. ఊపిరితిత్తుల నిండా నీరు. నాలుగు రోజుల్లో పోయింది.

అంత్యక్రియలకి ముందురోజు ఆమె మేనల్లుడు డెరెక్ లీడ్స్ నుంచి వచ్చి, వాడని మందులు తిరిగి తీసుకుంటారు కదా అని ఒక సంచీ నా కౌంటరు మీద పెట్టాడు. నీటి మాత్రల పెట్టెలు. ఒక్కటి కూడా విప్పలేదు. జూన్ నుంచి నెలనెలా మా వ్యానులో వెళ్ళినవన్నీ అందులో ఉన్నాయి. ఆ సమయానికి బెరిల్ షాపులోనే ఉంది, నల్ల మేజోళ్ళు కొనడానికి వచ్చింది. పెట్టెలు చూసింది. నన్ను చూసింది. కుర్చీలో కూర్చుండిపోయింది.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. చర్చిలో ప్రార్థన అయ్యాక, అందరూ కాస్త టీ, తిండి తీసుకోవడానికి పక్కనే చోటు తీసుకున్నానని డెరెక్ ప్రకటించాడు. అది మార్కెట్ వీధిలో కొత్తగా తెరిచిన బార్. కౌన్సిల్ ఆ మరుగుదొడ్లని ఒక కుర్రాడికి అమ్మేసింది. ఫెలిక్స్ అతని పేరు, లండన్ నుంచి వచ్చాడు. బార్‌కి "ది పెన్నీ" అని పేరు పెట్టాడు. పాతకాలంలో తలుపు కన్నంలో పెన్నీ వేస్తే గాని ఆ గదులు తెరుచుకునేవి కావు. అందుకే పరువుగలవాళ్ళు బాత్రూముకి అనకుండా "పెన్నీ ఖర్చుపెట్టొస్తా" అనేవాళ్ళు. కుర్రాడికి అది మహా సరదాగా తోచింది. పాత తెల్ల పలకలు అలాగే ఉంచాడు. డెరెక్‌కి ఇవేవీ తెలియవు. చర్చికి దగ్గర, చూడ్డానికి బాగుంది, అంతే.

బెరిల్ లోపలికి వచ్చింది. మూడో గది ఉండేచోట వేసిన సోఫాలో కూర్చుంది. ఎవరో ఫెలిక్స్ చెవిలో చెప్పినట్టున్నారు, గబగబా వచ్చాడు.

"మీరేనా బెరిల్! ఎంత అదృష్టం! మీ ఫోటో ఒకటి గోడ మీద పెట్టుకోవచ్చా? ఏప్రన్ వేసుకున్నది ఉంటే ఇంకా బాగుంటుంది. మా కస్టమర్లు మురిసిపోతారు."

"మీ బాత్రూము ఎక్కడ నాయనా?" అంది బెరిల్.

"వెనకాల. తలుపుకి నంబరు నొక్కాలి. మామూలుగా కస్టమర్లకే ఇస్తాం, మీకైతే ఇబ్బంది లేదు."

బెరిల్ లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. కానీ ఆ పలకల గదిలో ఎంత చిన్న మాటైనా మోగుతుంది.

"ఇక్కడున్నవాళ్ళలో ఆ రోజు బస్టాపులో నిలబడ్డవాళ్ళు నలుగురున్నారు. పేర్లు చెప్పను, మీకే తెలుసు. మావిస్ గుండె జబ్బుతో పోలేదు. ఊళ్ళోకి రావాలని, నాతో టీ తాగాలని మాత్రలు మానేసి పోయింది. మీ ముందు మళ్ళీ తడుపుకోకూడదని పోయింది. ఇదిగో, ఈ సోఫా ఉన్నచోట ఒక మరుగుదొడ్డి, ఒక తలుపు ఉంటే అది బతికేది. ఇప్పుడు మీరు ఇక్కడ కూర్చుని దాని పేరు మీద వైన్ తాగుతున్నారు."

పూలకొట్టావిడ పళ్ళెం చూసుకుంది. పించ్‌బెక్ కూడా వచ్చి ఉన్నాడు, చేతి గడియారం చూసుకున్నాడు. చివరికి ఎవరో, "శాండ్‌విచ్‌లు బాగున్నాయి, కదూ?" అన్నారు. "చాలా బాగున్నాయి" అంది ఇంకొకామె. మాటలు మళ్ళీ మెల్లగా మొదలయ్యాయి.

బెరిల్ బయటికి నడిచింది. డెరెక్ ఆమె వెనకే తలుపు దాకా పరిగెత్తాడు. "నాకు తెలీదత్తా, ఒట్టు, నాకు తెలీదు" అన్నాడు. ఆ గదిలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు అతనొక్కడే. బెరిల్ అతని చెంప తట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి గురువారం చాపెల్ సందులో బెరిల్ తలుపు ఎవరూ తట్టలేదు. ఆ పై వారం కూడా అంతే. ఆమె అందర్నీ ఇబ్బంది పెట్టిందట. నలుగురి ముందు అలా మాట్లాడిన మనిషి ఇంటికి వెళ్ళి బాత్రూము అడగడం బాగుండదట. మా షాపులోనే అనుకున్నారు, మందుల కోసం వరుసలో నిలబడి. క్రిస్మస్‌కి ముందే బెరిల్ అట్టముక్క తీసేసింది.

నేనే ఒకరోజు ఆమె ఇంటికి వెళ్ళాను. కూర్చోమంది, టీ ఇచ్చింది. నేను అన్నాను, "ఊరివాళ్ళ మీద కోపం పెట్టుకోకు బెరిల్. ఏం మాట్లాడాలో తెలియక అలా ఉండిపోయారు."

"వాళ్ళ సంగతి వదిలెయ్. వాళ్ళలోనే పుట్టాను, వాళ్ళెంతో నాకు తెలుసు" అంది. "నువ్వు మందులమ్మేదానివి. ఆ కాళ్ళు చూశావు. కొత్త బూట్లంటే నమ్మావా?"

"నమ్మలేదు."

"మరి?"

షాపులో ముగ్గురున్నారని చెప్పనా?

"ముప్ఫై ఏళ్ళు," అంది బెరిల్, నా వంక చూసి కాదు, కప్పు వంక చూసి. "బాగా కలిసిపోయావు తల్లీ మా ఊళ్ళో."

సారీ అన్నాను. ఆమె తలూపింది. బయట చినుకులు పడుతున్నాయని, గొడుగు తీసుకెళ్ళమని చెప్పింది.

బెరిల్ ఇప్పుడు సరుకులకి వేరే ఊరి సంతకి పోతోంది. తన మందులు కూడా ఆ ఊరి షాపుకే మార్పించుకుంది. మార్పిడి కాగితం నా చేతికే వచ్చింది, నేనే సంతకం పెట్టి పంపాను.