పది దాటినా వినిపించిన గొంతు

పోయిన మంగళవారం పొద్దున మా మేనత్త కన్నుమూసింది. నేను ఆఫీసుకు బయలుదేరబోతుంటే మా తమ్ముడు స్కూటరు మీద వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, "అక్కా, అత్తమ్మ పోయింది" అన్నాడు.

"రేడియో వాళ్ళకు చెప్పిండ్రా?" అని అడిగాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. ఎందుకలా అడిగానో ఇప్పటికీ తెలియదు. ఆమె రేడియోలో అనౌన్సరు ఉద్యోగం మానేసి ఆరేళ్ళయింది. ఆమె గొంతు రోజూ విన్నవాళ్ళలో చాలామందికి ఆమె పేరు కూడా తెలిసి ఉండదు. ఆ రోజుల్లో అనౌన్సర్లు పేరు చెప్పుకునేవాళ్ళు కాదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పొద్దున్నే మీ ఇంట్లోకి వచ్చి సమయం చెప్పి, వాతావరణం చెప్పి వెళ్ళిపోయిన ఆ గొంతు మా అత్తమ్మది.

నాకు సైఫాబాద్‌లో టైపిస్టు ఉద్యోగం దొరికినప్పుడు రెండేళ్ళు వాళ్ళింట్లోనే ఉన్నాను. ఇల్లు పాతబస్తీలో, మూసీకి దగ్గరగా. మామది పాల వ్యాపారం. ఇంటికి నాలుగు సందుల అవతల, నది వైపు పల్లంలో బర్ల కొట్టం. అత్తమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చాక ప్రైవేటుగా చదివి పరీక్షలు రాసింది. తర్వాత రేడియో స్టేషనులో చేరింది. బర్లకు దాణా కలుపుతూ 'క్షేత్రం', 'ప్రక్షాళనం' అని నోరు తిప్పుకునేదట. మామ నవ్వేవాడు. "నా బర్లకు సంస్కృతం నేర్పుతున్నదిరా" అని పాలు కొనేవాళ్ళకు చెప్పేవాడు.

ఆమెకు రెండు తెలుగులుండేవి. మైకు ముందు ఒకటి, ఇంట్లో ఒకటి. రెండింటినీ ఎప్పుడూ కలపలేదు, ఏ ఒక్కదానికీ సిగ్గుపడలేదు.

పొద్దున షిఫ్టు ఉన్న రోజుల్లో తెల్లవారకముందే స్టేషను వ్యాను సందు మొదట్లో ఆగేది. ఆమె బుగ్గన ఒక లవంగం పెట్టుకుని, చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి విని, చెప్పులు చేత పట్టుకుని గడప దాటేది. నా నిద్ర చెడకూడదని. నాకు మెలకువ వచ్చేది, మళ్ళీ సగం నిద్ర పట్టేది. ఆ సగం నిద్రలో సందులో రేడియోలు ఒక్కొక్కటే మేలుకునేవి. ఒక కిటికీలో గరగర, ఇంకో కిటికీలో తంబురా లాంటి మోత, తర్వాత అన్ని కిటికీల్లోంచీ ఒకేసారి అత్తమ్మ. ఇప్పుడే ఈ గది దాటి వెళ్ళిన మనిషి సందంతా పరుచుకుని మాట్లాడుతున్నట్టుండేది. నేను పాలగిన్నె పట్టుకుని కొట్టానికి నడుస్తుంటే ఆమె వాక్యం ఒక ఇంటి దగ్గర మొదలై మూడో ఇంటి దగ్గర ముగిసేది. కొట్టంలో మేకుకు మామ ట్రాన్సిస్టరు వేలాడుతుండేది. ఆయన పాలు పితుకుతూ వినేవాడు. మధ్యలో పలకరిస్తే జవాబిచ్చేవాడు కాదు.

"మైకు ముందు వెయ్యి మందితోని మాట్లాడుతున్న అనుకోవద్దు బిడ్డా" అని ఒకసారి నాతో అంది. "గొంతు బిగుసుకుంటది. ఒక్క మనిషిని మనసుల పెట్టుకుని మాట్లాడాలె." ఆ ఒక్క మనిషి ఎవరని నేను అడగలేదు. అప్పుడు నాకు తట్టలేదు.

వాన రోజు సంగతి చెప్పాలి.

ఆ వానాకాలం రెండు రోజులుగా ముసురు వదలలేదు. మూడో రోజు పొద్దున అత్తమ్మ నన్ను లేపింది. "బస్సులు నడుస్తయో లేదో. నువ్వు గూడ నాతోని రా." వ్యాను నయాపూల్ వంతెన మీదికి వచ్చినప్పుడు డ్రైవరు వేగం తగ్గించాడు. చీకట్లో నది కనపడలేదు. కింద ఎవరో పెద్ద చాపను ఈడుస్తున్నట్టు చప్పుడు మాత్రం వినపడింది. అత్తమ్మ కిటికీ వైపు చూడలేదు. పెదవులు కదుపుతూ ఆ రోజు చదవాల్సినవి లోపల్లోపల చెప్పుకుంటోంది.

మా ఆఫీసు తెరవడానికి ఇంకా చాలా సేపుంది. డ్యూటీ ఆఫీసరు పెద్దమనిషి, నన్ను తన గదిలో కూర్చోమన్నాడు. ఆ గదికి, స్టూడియోకు మధ్య మందమైన అద్దం. అద్దం వెనక అత్తమ్మ పెదవులు కదిలేవి. గొంతు మాత్రం నా తల మీద గోడకున్న స్పీకరులోంచి వచ్చేది. ఎర్రదీపం వెలిగితే ఎవరూ మాట్లాడరు, దగ్గనైనా దగ్గరు. బయట ఎంత వాన కురుస్తున్నా ఆ గదుల్లోకి చినుకు చప్పుడు రాదు. నీళ్ళ అడుగున ఒక దీపం పెట్టుకుని కూర్చున్నట్టు అనిపించింది నాకు.

ఎనిమిది దాటాక ఫోను వచ్చింది. మూసీ పొంగుతోంది, వంతెనలు మూసేశారు, పల్లపు బస్తీలు ఖాళీ చేయాలి. ఆఫీసరు చీటీ రాసి లోపలికి పంపాడు. బస్తీల పేర్లలో మూడోది మాది.

అత్తమ్మ చదివింది. గొంతు వణకలేదు. మా బస్తీ పేరు దగ్గరికి వచ్చినప్పుడు కాగితం మీద బొటనవేలు ఆనించి, చదివి, తీసింది. దీపం ఆరగానే బయటికి వచ్చి ఫోను అందుకుంది. మా వైపు లైన్లేవీ పనిచేయడం లేదు.

మామూలుగా పదింటికి పొద్దుటి ప్రసారం ముగుస్తుంది. ఆమె వ్యాను ఎక్కి పదకొండు లోపు ఇల్లు చేరుతుంది. ఆ రోజు స్టేషను మూయవద్దని పైనుంచి చెప్పారు. పదిన్నరకు ఇంకో అనౌన్సరు నిలువునా తడిసి వచ్చాడు. ఇల్లు నదికి ఇటువైపే కనక రాగలిగాడు.

ఆఫీసరు అన్నాడు, "ఇక లేవండమ్మా. ఇంటివాళ్ళ సంగతి తెలియకుండా ఎంతసేపు చదువుతారు? కాసేపు పడుకోండి."

అత్తమ్మ కుర్చీ వదల్లేదు. కంగారులో ఆమెకు ఇంటి తెలుగే వచ్చింది. "సార్, ఒక్క మాట ఇనుండ్రి. పది దాటినంక నేను నయాపూల్ మీదికెళ్ళి ఇంటికొస్తనని మా ఆయనకు ఎరుక. నేను రాకపోతే నా కోసం నీళ్ళల్ల దిగుతడు. నా గొంతు ఇనబడుతున్నంత సేపు నేను ఈడనే ఉన్ననని తెలుస్తది. దిగడు."

"ఆయన వింటున్నాడని ఏమిటి నమ్మకం?"

"ఇంటడు సార్. రోజూ ఇంటడు."

ఆఫీసరు, "అయితే ఆయన పేరు పెట్టి ఒక మాట చెప్పండి. నేను చూసుకుంటాను" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "గక్కడ వందల ఇండ్లున్నయి. మా ఒక్క ఇంటికే చెప్తే ఎట్ల? నేను టైము చెప్త. చాలు."

అలా మొదలయింది. ప్రతి హెచ్చరికకూ ముందు, ప్రతి పాట తర్వాతా, పుస్తకాల తెలుగులో, ఏ తొందరా లేకుండా, "ఇప్పుడు సమయం పదకొండు గంటల ఐదు నిమిషాలు." "ఇప్పుడు సమయం పన్నెండు గంటల ఇరవై నిమిషాలు." తడిసి వచ్చిన అనౌన్సరు ఆమె పక్కన కూర్చుని చీటీలు సరిచేసి ఇస్తూ ఉన్నాడు. అన్నం ముట్టలేదు. వేడినీళ్ళు తాగింది. నేను అద్దానికి ఇవతల కూర్చుని ఆ అంకెలు వింటూ వింటూ, ఎప్పుడో కునికాను. కలలో కూడా ఆమె సమయం చెబుతూనే ఉంది. లేచేసరికి నాలుగయింది. ఆమె గొంతు బొంగురుపోయింది.

పోలీసుల వైర్‌లెస్ ద్వారా కబురు వచ్చిందప్పుడే. మా బస్తీ జనం మెరకమీది బడికి చేరారట. పేర్లు లేవు. అది కూడా ఆమే చదివింది. నది తగ్గుముఖం పట్టిందన్న చీటీ కూడా చదివాకే లేచి, కుర్చీని ఆ అనౌన్సరుకు ఇచ్చింది.

సాయంత్రానికి నది కొంచెం తగ్గింది. నడిచే వాళ్ళను వంతెన మీదికి వదిలారు. అఫ్జల్‌గంజ్ దాకా వ్యానులో వచ్చి, అక్కణ్ణుంచి చీరలు ఎత్తి పట్టుకుని బురదలో నడిచాం. అవతలి ఒడ్డున పోలీసులు కట్టిన తాడు పట్టుకుని మామ నిలబడి ఉన్నాడు. చొక్కా లేదు. భుజం మీద తడి తువ్వాలు.

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూసి, "గొంతు గిట్ల కరాబు చేసుకున్నవేంది?" అన్నాడు.

అత్తమ్మ తన కొంగుతో ఆయన మొహం తుడిచింది. నడిరోడ్డు మీద, అంతమంది ముందర.

నడుస్తూ మామ చెప్పాడు. పదిన్నరకే ఈ తాడు దగ్గరికి వచ్చాడట. "రెండు సార్లు దిగిన. మోకాళ్ళ దాంక పోయిన. గా చాయ్ హోటల్ల రేడియో పెట్టిండ్రు. నువ్వు టైము చెప్పంగనే ఎనుకకు మళ్ళిన. హోటలాయన కుర్సీ ఏసి, 'బైఠో భాయ్, వో బోల్‌తే రహేంగే, ఆప్ సున్‌తే రహో' అన్నడు, ఆమె చెప్తనే ఉంటది, నువ్వు ఇనుకుంట కూసో అని. పొద్దుగూకే దాంక ఆ కుర్సీల్నే కూసున్న." కాసేపటికి, "రెండు బర్లు కొట్టుకపోయినయి" అని, అప్పుడు ఏడ్చాడు.

ఆ రోజు గురించి నేను ఎవరికైనా చెబితే అత్తమ్మ కసురుకునేది. "నేను చేసిందేంది? టైము చెప్పిన." నాకు మాత్రం అప్పటి నుంచీ రేడియోలో ఎవరి గొంతు విన్నా, అది ఎవరిని ఒడ్డున ఆపి ఉంచుతోందో అనిపిస్తుంది.

మామ ఆమె కంటే ముందే వెళ్ళిపోయాడు. చివరి ఏడాది అత్తమ్మకు గొంతు పూర్తిగా పోయింది. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు. ఆమె ఒక పలక తెప్పించుకుంది. పొద్దున రేడియో పెట్టుకుని విని, కొత్త అమ్మాయి ఒత్తు మింగేస్తే పలక మీద ఆ మాట సరిగ్గా రాసి మాకు చూపించేది. ఒకరోజు మాత్రం, 'ఈ పిల్ల మంచిగ చదువుతున్నది. తొందర లేదు' అని రాసి, చాలాసేపు చెరపలేదు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం వాన వెలిసిన నాలుగో రోజు. ఎండ కాసింది. అత్తమ్మా నేనూ పనికి వెళ్ళడానికి నయాపూల్ మీద నడుస్తున్నాం. వంతెన పిట్టగోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జనం తడిసిన సామాను ఆరబెట్టారు. బొంతలు, పుస్తకాలు, దేవుడి పటాలు, వాటి మధ్య రేడియోలు. వెనక అట్టలు ఊడదీసి, లోపలి గాజు వాల్వులు ఎండకు పెట్టి, పదుల కొద్దీ రేడియోలు. ఒక్కటీ పలకడం లేదు. అత్తమ్మ నడక తగ్గించింది. ఒక పాత చెక్క రేడియో మీద గోడ నీడ పడుతోంది. చుట్టూ చూసింది, దానివాళ్ళెవరూ కనపడలేదు. రెండు చేతులతో దాన్ని నెమ్మదిగా ఎత్తి, ఎండలోకి జరిపి, ముందువైపు స్పీకరు గుడ్డ మీది బురదను కొంగుతో తుడవసాగింది.