కొత్తావిడ

రెండు నెలల పని మీద నగరం నడిబొడ్డున ఉన్న ఆఫీసుకు వచ్చిన ఆడిటరమ్మకు ఆ వీధులన్నీ కొట్టినపిండి. కాలేజీ చదువంతా అక్కడే. అయినా పక్క సీటమ్మాయి మొదటిరోజే "మీరు కొత్త కదక్కా, రండి, అన్నీ చూపిస్తా" అనేసరికి బుద్ధిగా ఆమె వెంట బయల్దేరింది. ఇంట్లో అందరినీ వెంటేసుకుని తిరిగే మనిషికి ఒకరి వెనకాల నడవడం హాయిగా ఉంది. పోస్టాఫీసు చూపించినా, గడియారస్తంభం చూపించినా "ఓహో, ఇక్కడుందా!" అంటూ బుగ్గన వేలేసుకునేది. కాళ్ళే మాట వినక, అమ్మాయి చెప్పకముందే మలుపు తిరిగేవి. నిన్న సాయంత్రం టీకొట్టాయన ఆమెను చూడగానే, "ఏమ్మా, ఇన్నేళ్ళకు గుర్తొచ్చామా? నీకు చక్కెర తక్కువే కదూ?" అంటూ గ్లాసందించాడు. ఆడిటరమ్మ గతుక్కుమంది. అమ్మాయి ఆమెను ఎగాదిగా చూసి, నవ్వు బిగబట్టి, ఓపిగ్గా చెప్పింది: "దీన్ని టీ అంటారక్కా. వేడిగా ఉంటుంది, ఊదుకుని తాగండి."